లోపాల సంగీతం: కుప్పం, మదనపల్లె రోడ్డు పట్టాల మీద రైలు చప్పుళ్లు

రైలు అభిమానులు ఇష్టపడి వినే చప్పుళ్లలో కూత ఒక్కటే వినిపించడం కోసం తయారైనది. తక్కినవన్నీ యంత్రం తన పని తాను చేసుకుంటూ పోతున్నప్పుడు అదుపు తప్పి బయటపడిన శక్తి వల్ల పుట్టినవే. ఆవిరి ఇంజను పొగగొట్టం నుంచి వచ్చే ‘ఛుక్’ శబ్దం వాడకం పూర్తికాకుండానే సిలిండరును వదిలిన ఆవిరిది; పట్టాల ‘టకటక’ రెండు పట్టాల మధ్య వదిలిన సందుది; మలుపులోని కీచుదనం పట్టా మీద సాఫీగా దొర్లలేక పక్కకు జారిన చక్రానిది. ఇంజనీర్లు నూటయాభై ఏళ్లకు పైగా ఈ లోపాలను ఒక్కటొక్కటిగా సరిదిద్దుకుంటూ రావడంతో, అభిమానులకు ప్రియమైన శబ్దాలు కూడా అదే వరుసలో అరుదైపోతూ వచ్చాయి. అందువల్ల ఒక మార్గంలో ఏ కాలంలో ఏ చప్పుడు వినిపించేదో తెలిస్తే, ఆ కాలపు ఇంజనీరింగు ఎంతవరకు వచ్చిందో చాలావరకు చెప్పవచ్చు.

ఈ పరిశీలనకు చిత్తూరు ప్రాంతపు పడమటి మండలాలు అనువైన చోటు. ఇక్కడి రెండు రైలు మార్గాల పుట్టుకలు వేరు. జోలార్‌పేట నుంచి కుప్పం, బంగారుపేటల మీదుగా బెంగళూరు చేరే మార్గాన్ని మద్రాస్ రైల్వే కంపెనీ 1864లో తెరిచింది. అది మొదటినుంచీ బ్రాడ్ గేజి, అంటే పట్టాల మధ్య అయిదడుగుల ఆరంగుళాల ఎడం ఉన్న దారి. రెండవది పాకాల నుంచి పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి మీదుగా ధర్మవరం పోయే మార్గం. దానిని సౌత్ ఇండియన్ రైల్వే 1890ల తొలి ఏళ్లలో మీటరు గేజిగా, అంటే సరిగ్గా ఒక మీటరు ఎడంతో వేసింది. దాదాపు నూట ఇరవై ఏళ్ల పాటు అలాగే నడిచి, ఈ శతాబ్దపు తొలి దశాబ్దం చివరకు గాని అది పూర్తిగా బ్రాడ్ గేజికి మారలేదు. మదనపల్లె రోడ్డు స్టేషను మదనపల్లె పట్టణంలో కాక కొంత దూరాన ఉన్న చిన్నతిప్పసముద్రం దగ్గర ఉంది. ఇక పుంగనూరుకు, కలకడకు నేటికీ పట్టాలు లేవు. పట్టాలు లేని ఊళ్లకు రైలు చప్పుడు ఎలా చేరుతుందన్నది కూడా శబ్దశాస్త్రంలోని ప్రశ్నే.

ఆవిరి ఇంజను శ్వాసతో మొదలుపెట్టడం న్యాయం. స్వాతంత్ర్యానంతరం దేశంలోని మీటరు గేజి మార్గాలన్నిటా విస్తృతంగా తిరిగిన వైపీ తరగతి ఇంజనుకు, ఆ కాలపు చాలా ఇంజన్లకు లాగే, చెరొక పక్కన ఒక్కొక్కటిగా రెండు సిలిండర్లు ఉండేవి. ప్రతి సిలిండరులోనూ ఆవిరి ముషలకాన్ని ఒకసారి ముందునుంచి, ఒకసారి వెనకనుంచి నెడుతుంది. కుడి ఎడమల చక్రదండాలను ఒకదానికొకటి లంబకోణంలో అమర్చడం వల్ల చక్రం ఒక చుట్టు తిరిగేలోగా నాలుగుసార్లు, సమానమైన ఎడంతో, వాడిన ఆవిరి బయటికి పోతుంది. అది ఊరికే పోదు. పొగపెట్టెలో నిలువుగా ఉన్న సన్నని గొట్టం గుండా వేగంగా పైకి దూకుతూ పొగను కూడా తనతో లాక్కుపోతుంది. ఆ లాగుడుకే పొయ్యిలోకి కొత్త గాలి చేరి బొగ్గు మరింత రాజుకుంటుంది. ఇంజను ఎంత కష్టపడితే మంట అంత పెరిగే ఈ ఏర్పాటు ఆవిరి యంత్ర చరిత్రలో అత్యంత తెలివైన ఆలోచనల్లో ఒకటి. ‘ఛుక్ ఛుక్’ దాని ఉపఫలం మాత్రమే.

వైపీ ఇంజను నడుపు చక్రం వ్యాసం నాలుగున్నర అడుగులు, అంటే సుమారు 1.37 మీటర్లు, దాని చుట్టుకొలత 4.3 మీటర్లు. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదిలే ఇంజనుకు సెకనుకు రెండున్నర దెబ్బలు వినిపిస్తాయి. 40 కిలోమీటర్లకు చేరేసరికి అవి పదికి చేరతాయి. 60 దాటితే సెకనుకు పదిహేను పైన పడటంతో చెవి వాటిని విడివిడిగా పట్టుకోలేక ఒకే గర్జనగా కలిపేసుకుంటుంది. స్టేషను వదిలిన రైలు చప్పుడులో మొదటి కొద్ది నిమిషాలే అభిమానులకు అంత ప్రియం కావడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది: చెవి లెక్కపెట్టగలిగిన లయ ఉండేది ఆ కాసేపే.

లయతో పాటు దెబ్బ బరువు కూడా సమాచారమే. ఎత్తు ఎక్కేటప్పుడు డ్రైవరు సిలిండరులోకి ఆవిరిని ఎక్కువసేపు వదులుతాడు గనుక అది ఇంకా అధిక పీడనంతో ఉండగానే బయటికి పోయి పేలినట్టు మోగుతుంది. సమతలంలో ఆవిరిని త్వరగా మూసివేసి, లోపలే వ్యాకోచించనిస్తాడు గనుక బయటికి వచ్చేసరికి అది నీరసించి మెత్తగా వినిపిస్తుంది. పాకాల వైపు నుంచి పీలేరు, కలికిరి, వాయల్పాడు దాటుతూ, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె పీఠభూమికి ఎక్కే దారిలో ఆవిరి బండి ఎక్కడ ఎక్కుతున్నదీ, ఎక్కడ దిగుతున్నదీ చూడకుండానే తెలిసిపోయేది ఇందువల్లే. నాలుగు దెబ్బల్లో ఒకటి బలహీనంగా పడిందంటే ఆవిరిని వదిలే కవాటం అమరిక చెడిందని అర్థం. షెడ్డు మేస్త్రీలకు అది వ్యాధి లక్షణం వంటిది.

ఆవిరి కూతను నిజానికి ఈల అనాలి. లోహపు గంట ఆకారంలోని గిన్నె అంచు కింద సన్నని వలయాకారపు సందు నుంచి ఆవిరి పొరలా ఎగజిమ్మి ఆ అంచును తాకినప్పుడు, లోపలికీ బయటికీ ఊగిసలాడి గిన్నెలోని ఆవిరి, గాలుల మిశ్రమాన్ని కంపింపజేస్తుంది. గిన్నె పొడవు పెరిగితే స్వరం తగ్గుతుంది. ఆవిరి పీడనం మారితే స్వరం కొద్దిగా జారుతుంది గనుక, తాడు లాగే చేతి నేర్పును బట్టి ప్రతి డ్రైవరు కూతా వేరుగా ఉండేది. తర్వాత వచ్చిన డీజిలు, విద్యుత్ ఇంజన్ల కూతలో ఆ స్వేచ్ఛ పోయింది: అక్కడ బ్రేకుల కోసం ఎలాగూ నిలవచేసిన సంపీడిత గాలి ఒక పలుచని లోహపు పొరను అదరగొడుతుంది, దాని ముందున్న బూర ఆ అదురును పెద్దది చేస్తుంది, రెండు బూరలు రెండు వేర్వేరు స్వరాలను కలిపి పలుకుతాయి. కూత ఎప్పుడు వేయాలన్నది మాత్రం నియమాల ప్రకారమే జరుగుతుంది. లెవెల్ క్రాసింగుకు 600 మీటర్ల ముందు నిలిపిన పసుపు పలక కనిపించగానే లోకో పైలట్ దీర్ఘంగా కూత మొదలుపెట్టాలి. మూడు పొట్టి కూతలు బ్రేకు వేయమని గార్డుకు చెప్పే మాట. ఆగకుండా వరసగా వేసే పొట్టి కూతలు ప్రమాద సూచన.

రైలు దాటిపోతున్నప్పుడు కూత స్వరం హఠాత్తుగా దిగజారడం అందరూ గమనించేదే. శబ్దాన్ని పుట్టించే వస్తువు దగ్గరికి వస్తుంటే గాలిలోని అలలు దగ్గర దగ్గరగా పడి చెవికి ఎక్కువ పౌనఃపున్యంతో, అంటే సెకనుకు ఎక్కువ కంపనాలతో చేరతాయి. దూరమవుతుంటే ఎడంగా పడి తక్కువ పౌనఃపున్యంతో చేరతాయి. క్రిస్టియన్ డాప్లర్ 1842లో ఈ సూత్రాన్ని ప్రతిపాదించినప్పుడు దానిని పరీక్షించడానికి తగినంత వేగంగా కదిలే శబ్దకారకం మనుషుల చేతిలో ఒక్కటే ఉండేది, అది రైలింజను. డచ్చి శాస్త్రవేత్త బయిస్ బాలట్ 1845లో ఉట్రెక్ట్, మార్సెన్ పట్టణాల మధ్య నడిచే రైలు మీద బాకా వాద్యగాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్న శ్రోతలను నిలబెట్టి, వాళ్లు విన్న స్వరభేదంతో సూత్రాన్ని నిర్ధారించాడు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 30.6 మీటర్లతో పోయే రైలుకు ఆ లెక్క వేసి చూస్తే, శబ్దవేగం సెకనుకు 340 మీటర్లు అనుకున్నప్పుడు, వచ్చేటప్పటి స్వరానికీ పోయేటప్పటి స్వరానికీ నిష్పత్తి దాదాపు 6:5 అవుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవారి చెవికి ఇది సాధారణ గాంధారం నుంచి షడ్జానికి దిగడం. వేగం తగ్గితే ఆ దిగుడూ తగ్గుతుంది గనుక, మంచి శ్రుతిజ్ఞానం ఉన్నవారు కూత విని బండి వేగాన్ని అంచనా వేయడం సాధ్యమే.

డీజిలు ఇంజన్ల విషయంలో అభిమానుల ప్రేమ రెండు శిబిరాలుగా చీలి ఉంది, అందులో కొంత మొండితనం కూడా ఉంది. అమెరికాలోని ఆల్కో కంపెనీ నమూనాతో 1962లో దిగుమతి అయి, తర్వాత వారణాసిలో వేల సంఖ్యలో తయారైన డబ్ల్యూడీఎం-2 తరగతి ఒకటి. 1999 తర్వాత వచ్చిన అమెరికా ఈఎండీ నమూనా డబ్ల్యూడీజీ-4, దాని వెంటనే వచ్చిన డబ్ల్యూడీపీ-4 తరగతులు రెండవది. గుత్తి, కృష్ణరాజపురం షెడ్లు రెండు రకాలనూ పోషించాయి. రెండింటికీ పదహారు సిలిండర్లే, కానీ చప్పుడు పూర్తిగా వేరు. ఆల్కో యంత్రం నాలుగు ఘట్టాలది: ప్రతి సిలిండరూ రెండు భ్రమణాలకొకసారి మండుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఆ యంత్రం నిమిషానికి 400 సార్లు తిరుగుతుంది గనుక పదహారు సిలిండర్లూ ఒక వరుస ముగించడానికి నిమిషానికి 200 ఆవృత్తాలు, అంటే సెకనుకు మూడు పైచిలుకు పడతాయి. అన్ని సిలిండర్లూ ఒకే బలంతో మండవు గనుక ఆ ఆవృత్తం తడబడే నడకలా చెవికి అందుతుంది; అభిమానులు ఆల్కో ‘నడక’ అని మురిసిపోయేది ఆ అసమానతనే. నాచ్‌ను, అంటే ఇంజను శక్తిని పెంచే మీట మెట్టును, హఠాత్తుగా పెంచితే ఇంధనం ముందు, గాలి తర్వాత చేరతాయి. పొగతో తిరిగే టర్బో చక్రం వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకోవడంతో ఆలోగా నల్లటి పొగ, వెనకనుంచి పెరుగుతూ వచ్చే సన్నని ఈల రెండూ వస్తాయి. ఇంధనాన్ని వృథా చేసి గాలిని పాడుచేసే ఈ ఘట్టమే వీడియోలలో ఎక్కువ ప్రేక్షకులను సంపాదించుకోవడం ఇంజనీర్లకు చిరాకు కలిగించే సంగతే.

ఈఎండీ యంత్రం రెండు ఘట్టాలది; ప్రతి సిలిండరూ ప్రతి భ్రమణంలోనూ మండుతుంది. పూర్తి వేగంలో, నిమిషానికి సుమారు 900 భ్రమణాల వద్ద, సెకనుకు 240 సార్లు దహనం జరుగుతుంది. ఆల్కో యంత్రానికి 1000 భ్రమణాల వద్ద కూడా ఇది 133 మాత్రమే. అందువల్ల ఈఎండీ ఇంజనుది దెబ్బల వరస కాదు, నిండు గుంజారవం. తక్కువ భారంలో దాని టర్బో చక్రాన్ని యంత్రమే పళ్ల చక్రాలతో తిప్పుతుంది గనుక గాలి వెనకబడదు, పొగా ఉండదు, అయితే ఆ పళ్ల చక్రాల ఈల నిరంతరం ఉంటుంది. మీటరు గేజి మీద తిరిగిన వైడీఎం-4 కూడా ఆల్కో వంశమే, కానీ ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న 1400 అశ్వశక్తి యంత్రం కావడంతో దాని స్వరం పెద్దన్న స్వరం కన్నా పొడిగా, విడివిడిగా ఉండేది.

చక్రానికీ పట్టాకూ మధ్య పుట్టే చప్పుడు ఇంజను ఏదైనా మారేది కాదు. పూర్వం బ్రాడ్ గేజి పట్టా పొడవు 13 మీటర్లు, మీటరు గేజిది 12 మీటర్లు ఉండేది. వాటిని ఫిష్ ప్లేట్లనే ఇనుప బద్దలతో బిగించి, మధ్య చిన్న సందు వదిలేవారు. ఉక్కు వేడికి సాగుతుంది: 13 మీటర్ల పట్టా 40 డిగ్రీల తేడాకు సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ సందు మీద చక్రం పడిన ప్రతిసారీ ఒక దెబ్బ వినిపిస్తుంది. మీటరు గేజి ప్రయాణికుడు తన కింది ఒక చక్రం దెబ్బలను 43 సెకన్ల పాటు లెక్కపెడితే వచ్చిన సంఖ్యే గంటకు కిలోమీటర్లలో బండి వేగం. బ్రాడ్ గేజి అయితే 47 సెకన్లు లెక్కపెట్టాలి. పన్నెండును, పదమూడును సెకనుల లెక్కలోకి మార్చే సాధారణ గుణకారం తప్ప ఇందులో మాయ లేదు.

పట్టాల పక్కన నిలబడ్డవారికి వినిపించే లయ ఇంకొకటి. పాత ఐసీఎఫ్ పెట్టెకు ముందొకటి, వెనకొకటిగా రెండు చక్రాల చట్రాలుంటాయి. ప్రతి చట్రంలో రెండు ఇరుసులు 2.896 మీటర్ల ఎడంతో, చట్రాల కేంద్రాలు 14.783 మీటర్ల ఎడంతో ఉంటాయి. పెట్టె మొత్తం పొడవు బఫర్లతో కలిపి 22.297 మీటర్లు. దీని ప్రకారం ఒక పెట్టె వెనక చట్రం, తర్వాతి పెట్టె ముందు చట్రం దగ్గరగా వస్తాయి. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒకే అతుకు మీద 0.17 సెకన్ల ఎడంతో రెండు దెబ్బలు, 0.28 సెకన్ల విరామం, మళ్లీ 0.17 సెకన్ల ఎడంతో రెండు దెబ్బలు, ఆపైన 0.71 సెకన్ల నిశ్శబ్దం వస్తాయి. తాళజ్ఞానం ఉన్నవారు దీనిని ‘తక–ధిమి’ అని పలికి చివర విరామం నిలుపుతారు. 1948లో పియెర్ షాఫెర్ పారిస్ రైలు చప్పుళ్లను ధ్వనిముద్రణ చేసి, ఆ ముద్రణలను కూర్చి ఒక సంగీత రచనగా ప్రసారం చేసినప్పుడు సంగీతలోకానికి అది కొత్త ప్రక్రియ అయింది. పట్టాల పక్కన ఊళ్లలోని పిల్లలకు ఆ లయ అంతకుముందే తెలుసు.

ఈ లయకు గండిపెట్టినది వెల్డింగు. అల్యూమినియం పొడి, ఇనుప ఆక్సైడు కలిసి మండినప్పుడు కరిగిన ఉక్కును అచ్చులో పోసి పట్టాలను అతికిస్తే సందు ఉండదు. వేడికి సాగవలసిన పట్టాను కాంక్రీటు స్లీపర్లు, బిగింపులు, కంకర కలిసి కదలనీయకుండా పట్టుకుంటాయి, సాగుడు లోపలి ఒత్తిడిగా మిగిలిపోతుంది. గేజి మార్పిడితో ధర్మవరం మార్గంలో మీటరు గేజి టకటకలు పోవడం, ప్రయాణికులు తెలిసో తెలియకో పోగొట్టుకున్న వాటిలో ఒకటి. ఇప్పుడు ఆ దెబ్బలు వినాలంటే స్టేషను చివర ఒక దారి నుంచి మరొక దారికి బండిని మళ్లించే పాయింట్ల దగ్గర, సిగ్నలు కోసం పట్టాను విద్యుత్తుగా విడదీసిన అతుకుల దగ్గర వినాలి. కుప్పం స్టేషనులోకి బండి ప్రవేశించేటప్పుడు కాసేపు ఆ పాత ‘తక–ధిమి’ తిరిగి పలకడం ఇందువల్లే.

సందు లేకపోయినా పట్టా మౌనంగా ఉండదు. చక్రం మీద, పట్టా మీద కంటికి కనిపించని మైక్రోమీటర్ల ఎత్తుపల్లాలు రెండింటినీ కంపింపజేస్తాయి. ఆ కంపనంలో మంద్ర భాగాన్ని స్లీపర్లు, మధ్య భాగాన్ని పట్టా, తార భాగాన్ని చక్రం గాలిలోకి వదులుతాయి. వేగం రెట్టింపయితే ఈ చప్పుడు సుమారు 9 డెసిబెల్లు పెరుగుతుంది; డెసిబెల్లు శబ్ద తీవ్రతకు కొలత, పది డెసిబెల్లు పెరిగితే చెవికి చప్పుడు రెట్టింపయినట్టు తోస్తుంది. పోత ఇనుప బ్రేకు దిమ్మలు చక్రం అంచును రుద్ది గరుకు చేస్తాయి గనుక పాత పెట్టెలు బ్రేకు వేయనప్పుడు కూడా ఎక్కువ గోల చేస్తాయి. డిస్కు బ్రేకులున్న కొత్త ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెల చక్రాలు నున్నగా ఉండి నిశ్శబ్దంగా దొర్లుతాయి. ఘాట్ మలుపుల్లో వినిపించే కీచు శబ్దం మరో రకం: ఒకే చట్రంలో సమాంతరంగా బిగించిన రెండు ఇరుసులు బిగువు మలుపులో పట్టా వంపుకు సరిగ్గా తిరగలేకపోవడంతో చక్రం పట్టా మీద అడ్డంగా అతుక్కుని, జారి, మళ్లీ అతుక్కుంటుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసే పని అదే. చక్రం తన సహజ పౌనఃపున్యంలో మోగుతుంది. వాన పడితే ఘర్షణ తగ్గి ఆ కీచుదనం మాయమవుతుంది.

విద్యుత్ ఇంజన్లకు చప్పుడు లేదన్నది అపోహ. 25 వేల వోల్టుల తీగ కింద నిలబడ్డ ఇంజను లోపలి ట్రాన్స్‌ఫార్మరు ఇనుము, విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలతో మారుతుంటే ప్రతి ఆవృత్తంలోనూ రెండుసార్లు అణువంత సాగి ముడుచుకోవడంతో 100 కంపనాల హుమ్మును వదులుతుంది. డబ్ల్యూఏపీ-4 తరగతి ఇంజనులో దీనికి తోడు గాలిపంకాల హోరు, మెట్లు మెట్లుగా వోల్టేజిని పెంచే మీట ‘టక్కు’ వినిపిస్తాయి. డబ్ల్యూఏపీ-7లో మూడు దశల మోటార్లను ఇన్వర్టరు నడుపుతుంది. అది నేరు విద్యుత్తును సెకనుకు కొన్ని వందల సార్లు ముక్కలు చేసి మోటారుకు అందిస్తుంది. మోటారు ఇనుము ఆ ముక్కల లయలోనే కంపిస్తుంది, వేగం పెరుగుతున్న కొద్దీ ఆ లయను మెట్లు మెట్లుగా మారుస్తారు గనుక బయలుదేరే బండి స్వరాలు మారుస్తూ పాడుతున్నట్టు ఉంటుంది. ఆస్ట్రియాలోని టారస్ ఇంజను, జపాన్‌లోని కేయిక్యూ కంపెనీ రైళ్లు ఈ స్వరాలను సంగీతపు సప్తకానికి దగ్గరగా పలికించి ప్రసిద్ధికెక్కాయి. సెకనుకు వేల సార్లు ముక్కలు చేయగల కొత్త స్విచ్చులు వచ్చాక ఆ పాట సన్నబడింది. 2022లో చెన్నై, మైసూరుల మధ్య మొదలై కుప్పం మీదుగా పోయే వందేభారత్ ఆ తరానిదే.

ఇక పట్టాలు లేని ఊళ్ల సంగతి. శబ్దవేగం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది, ఒక్క డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున. పగలు నేల దగ్గరి గాలి వేడిగా, పైగాలి చల్లగా ఉండటంతో శబ్దం పైకి వంగి తప్పిపోతుంది. మదనపల్లె పీఠభూమి మీద చలికాలపు రాత్రులలో నేల చల్లబడి దాని మీది గాలి చల్లగా, ఆపై పొర వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం కిందికి వంగి నేలను తాకుతూ దూరం పోతుంది. హెచ్చు పౌనఃపున్యాలను గాలి త్వరగా మింగేస్తుంది గనుక దూరపు చెవికి చేరేది కూతలోని కింది స్వరం, ఇంజను గర్జన మాత్రమే. తెల్లవారుజామున రైలు దగ్గరగా ఉన్నట్టు తోచడంలో గాలి పొరల పాత్ర నిశ్శబ్దం పాత్రకు తీసిపోదు.

వినడాన్ని అభిమానుల సరదాగా మాత్రమే చూడటం తొందరపాటే అవుతుంది. బండి ఆగిన చోట పొడవాటి పిడి సుత్తితో చక్రాలను తట్టుతూ నడిచే పరీక్షకుడు వినేది, పగులు లేని చక్రం ఖంగుమని మోగుతుందా, పగిలినది మొద్దుగా పలుకుతుందా అనే. అలా విని దోషం పట్టే పనిని ఇప్పుడు భారతీయ రైల్వే పట్టాల పక్కన అమర్చిన మైక్రోఫోన్లకు అప్పగిస్తోంది: పూర్తి వేగంతో పోయే బండిలోని ప్రతి ఇరుసు బేరింగు చప్పుడును అవి విడిగా నమోదు చేసి, అందులో దోషానికి తగిన పౌనఃపున్యం ఉందేమో కంప్యూటరుతో వెతికిస్తాయి. బేరింగు లోపలి రోలరు మీద చిన్న గుంట పడినా అది ప్రతి చుట్టులోనూ ఒక లయలో తగులుతుంది గనుక, బేరింగు ఇంకా వేడెక్కని దశలోనే, అంటే చేతితో తాకి గాని ఉష్ణమాపకంతో గాని కనుక్కోలేనప్పుడే, ఆ దోషం పట్టుబడుతుంది.